కబురు మోసే ప్రోటీన్లు: ఒక ఆవిష్కరణ చరిత్ర



సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, నీ ఉద్యోగం గురించైనా సరే, నీకిష్టమైన చదువు గురించైనా సరే అన్నారు. ఈ వ్యాసం రెండో కోవకు చెందినదే అయినా మొదటిదానితో దీనికి కొంత చుట్టరికం ఉంది. నేను విద్యుత్ రంగంలో, సబ్‌స్టేషన్ల రక్షణ వ్యవస్థల్లో పనిచేస్తున్న ఇంజనీరును. జీవశాస్త్రం నాకు పదో తరగతితోనే ఆగిపోయింది. కరోనా రోజుల్లో అందరిలాగే నేనూ టీకాల గురించి చదవడం మొదలుపెట్టాను. అలా చదువుతూ పోతే మా వృత్తిలో రోజూ వినే మాట ఒకటి అక్కడ కనిపించింది. ఆ మాట అడాప్టర్.

సబ్‌స్టేషన్‌లో జరిగేది క్లుప్తంగా ఇది. లైనులో ఫాల్టు వస్తే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పసిగడుతుంది. సర్క్యూట్ బ్రేకర్ లైనును తెంచుతుంది. ఈ రెండింటి మధ్య రిలేలు, ట్రిప్ కాయిల్, వాటిని కలిపే తీగలు ఉంటాయి. చూడటానికి వచ్చినవాళ్లు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ను, బ్రేకర్‌ను చూసి వెళ్తారు. ప్యానెల్ వెనక ఉన్న తీగలను ఎవరూ చూడరు. కానీ ఆ తీగ ఒక్కటి ఊడితే ఫాల్టును పసిగట్టీ లాభం లేదు, బ్రేకర్ ఉండీ లాభం లేదు.

మన ఒంట్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. సూక్ష్మజీవిని గుర్తించే ప్రోటీన్లు కణం పొర మీద ఉంటాయి. వాటిని గ్రాహకాలు, అంటే రిసెప్టర్లు అంటారు. ఎదురుదాడికి కావలసిన జన్యువులు కణం నడిమధ్యన కేంద్రకంలో ఉంటాయి. ఈ రెండింటి మధ్య కబురు మోసేవి అడాప్టర్ ప్రోటీన్లు. ఇవి ఎంజైముల్లా దేన్నీ కోయవు, దేనికీ ఫాస్ఫేటు తగిలించవు. ఒక చేత్తో ఒకరిని, ఇంకో చేత్తో ఇంకొకరిని పట్టుకోవడమే వీటి పని. నోబెల్ బహుమతి గ్రాహకాలకు వచ్చింది. అడాప్టర్ల చరిత్ర మాత్రం నిపుణుల పుస్తకాలు దాటి బయటకు పెద్దగా రాలేదు. దాన్ని మన భాషలో చెప్పాలన్నదే ఈ ప్రయత్నం.

మరుగున పడ్డ ప్రశ్న

1882లో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఇటలీలోని మెసీనాలో సముద్ర నక్షత్రం పిల్ల ఒంట్లో చిన్న ముల్లు గుచ్చి చూశారు. మర్నాటికి ఆ ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. వచ్చిన శత్రువును మింగే కణాలు పుట్టుకతోనే ఒంట్లో ఉంటాయని ఆయన వాదించారు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు పరిశోధన అంతా యాంటీబాడీల వైపు, లింఫోసైట్ల వైపు మళ్లింది. ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకునే ఆ రెండో రక్షణ వ్యవస్థే అసలైనదని, మెచ్నికోవ్ చూసిన మొదటి రక్షణ మొరటుదని అనుకున్నారు.

అయితే టీకాలు తయారుచేసేవారికి ఒక చిక్కు తెలుసు. శుద్ధి చేసిన ప్రోటీన్‌ను ఒక్కదాన్నే సూదిమందుగా ఇస్తే శరీరం పెద్దగా పట్టించుకోదు. దానికి పటిక జాతి లవణమో, చంపిన బాక్టీరియా కలిపిన నూనో చేర్చితే యాంటీబాడీలు బాగా వస్తాయి. ఈ చేర్పును అడ్జువెంట్ అంటారు. అది ఎందుకు పనిచేస్తుందో చెప్పలేకపోయినా అందరూ వాడేవారు. 1989లో అమెరికాలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సు సంపుటికి రాసిన వ్యాసంలో యేల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు చార్లెస్ జేన్‌వే ఈ సంగతిని బయటపెట్టారు. సూక్ష్మజీవుల్లో ఉండి మనలో లేని రసాయన గుర్తులను పట్టే గ్రాహకాలు మన కణాల మీద ఉండి తీరాలని, అవి మోగిస్తేనే రెండో వ్యవస్థ లేస్తుందని ఊహించారు. అప్పటికి అలాంటి గ్రాహకం ఒక్కటీ ఆయన చేతిలో లేదు. మాస్కోలో చదువుకుంటున్న రుస్లాన్ మెజితోవ్ అనే యువకుడు ఆ వ్యాసం చదివి, జేన్‌వేకు రాసి, చివరికి ఆయన ప్రయోగశాలలోనే చేరారు.

ఈగ చెప్పిన సంగతి

జవాబు వైద్యుల దగ్గరినుంచి రాలేదు, ఈగల దగ్గరినుంచి వచ్చింది. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగలు మనందరికీ తెలుసు. వాటి గుడ్డులో పిండం వీపు ఏవైపు, పొట్ట ఏవైపు అన్నది నిర్ణయించే జన్యువుల కోసం జర్మనీలో క్రిస్టియానె న్యూస్లైన్ ఫోల్హార్డ్ బృందం వెతికింది. అలా దొరికినవాటిలో ఒక జన్యువుకు టోల్ అని పేరు పెట్టారు. జర్మన్ భాషలో అది మెచ్చుకోలుతో కూడిన ఆశ్చర్యాన్ని తెలిపే మాట. 1988లో కేథరిన్ ఆండర్సన్ బృందం ఆ జన్యువు వరుసను చదివింది. అది పొర మీద ఉండే గ్రాహకం అని తేలింది.

1991లో కేంబ్రిడ్జికి చెందిన నికొలస్ గే, కీత్ ఒక చిన్న లేఖ ప్రచురించారు. ఈగ టోల్ ప్రోటీన్ కణం లోపలి భాగమూ, మనుషుల్లో ఇంటర్‌ల్యూకిన్-1 గ్రాహకం లోపలి భాగమూ ఒకే పోలికలో ఉన్నాయని అందులో చూపారు. ఇంటర్‌ల్యూకిన్-1 మనకు జ్వరం తెప్పించే పదార్థం. ఈగ పొట్టకూ, మనిషి జ్వరానికీ సంబంధం ఏమిటి? రెండింటికీ పోలిక ఉన్నది బయటి కొసలో కాదు, లోపలి కొసలో. అంటే ప్లగ్గులు వేరైనా సాకెట్టు ఒకటే. ఆ లోపలి భాగానికి తర్వాత టిర్ అనే పేరు స్థిరపడింది. టోల్, ఇంటర్‌ల్యూకిన్, రిసెప్టర్ అన్న మూడు మాటల ఇంగ్లీషు తొలి అక్షరాలు కలిపిన పేరు అది.

1996లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో జూల్స్ హాఫ్‌మన్ ప్రయోగశాలలో బ్రూనో లెమెత్ర్ టోల్ మార్గం చెడిన పెద్ద ఈగలకు ఆస్పర్జిల్లస్ బూజు సోకేలా చేశారు. రెండు మూడు రోజుల్లో బూజు వాటి ఒంటినిండా మొలిచి అవి చనిపోయాయి. పిండంలో వీపూ పొట్టా తేల్చిన జన్యువే పెద్దయ్యాక బూజు నుంచి కాపాడుతోంది. మరుసటి ఏడాది మెజితోవ్, జేన్‌వే మనిషిలో టోల్‌ను పోలిన ప్రోటీన్‌ను చూపించారు. అలాంటివి మనిషిలో మొత్తం 10 ఉన్నాయని తర్వాత తేలింది. వాటిని టోల్ తరహా గ్రాహకాలు, టి.ఎల్.ఆర్.లు అంటారు.

1998లో అమెరికాలోని డల్లస్‌లో బ్రూస్ బాయిట్లర్ బృందం ఒక పాత చిక్కుముడి విప్పింది. కొన్ని బాక్టీరియాల పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే పదార్థం రక్తంలో చేరితే మామూలు ఎలుక షాక్‌తో చనిపోతుంది. సి3హెచ్/హెచ్ఇజె అనే జాతి ఎలుకలకు మాత్రం ఏమీ కాదని 1960ల నుంచే తెలుసు. అదృష్టమేననుకుందామా అంటే, నిజంగా సాల్మొనెల్లా బాక్టీరియా సోకితే అవే ముందు చనిపోతాయి. ఆ ఎలుకల్లో చెడినది టి.ఎల్.ఆర్.4 అని బాయిట్లర్ బృందం పట్టుకుంది.

నా దృష్టి ఆగింది ఆ లోపం ఉన్న చోటు మీద. వందల అమైనో ఆమ్లాలున్న ఆ గ్రాహకంలో మారినది ఒకే ఒకటి, 712వ స్థానంలో ప్రోలీన్ బదులు హిస్టిడీన్. ఆ స్థానం బాక్టీరియాను పట్టే బయటి కొసలో లేదు, లోపలి టిర్ భాగంలో ఉంది. బయటి కొసకు ఏ లోపమూ లేదు. లోపలి కొసకు ఏదో తగులుకోవాలి, అది తగులుకోవడం లేదు. ఆ తగులుకోవలసినది ఏమిటి?

జాబితాలో ఒక అంకె

అది అప్పటికే ఒక ప్రయోగశాల జాబితాలో ఉంది. 1990లో అమెరికాలో డాన్ లీబర్‌మన్, బార్బరా హాఫ్‌మన్ లీబర్‌మన్ బృందం రక్త కాన్సర్ మీద పనిచేస్తోంది. ఎలుక ల్యుకేమియా కణాలకు ఇంటర్‌ల్యూకిన్-6 ఇస్తే అవి విభజన మాని ముదురు కణాలుగా మారతాయి. ఆ మార్పు మొదట్లో ఏయే జన్యువులు మేల్కొంటాయో ఏరి అంకెలు వేశారు. వాటిలో ఒకదాని పేరు మైడి88. మై అంటే ఎముక మూలుగ వంశపు కణాలు, డి అంటే అవి ముదిరి రూపు మారడం. 88 కేవలం గుర్తింపు అంకె. మా రంగంలోనూ రిలేలకు అంకెలుంటాయి. 50 అంటే తక్షణ ఓవర్‌కరెంట్ రిలే, 87 అంటే డిఫరెన్షియల్ రిలే. ఆ అంకె చూస్తే పని తెలుస్తుంది. మైడి88లో అంకెను బట్టి గానీ పేరును బట్టి గానీ దాని పని తెలియదు, ఎందుకంటే పేరు పెట్టేనాటికి ఆ పని ఎవరికీ తెలియదు.

1994లో స్వీడన్‌కు చెందిన డాన్ హుల్ట్‌మార్క్ ఆ జన్యువు వరుసను టోల్‌తోనూ, ఇంటర్‌ల్యూకిన్-1 గ్రాహకంతోనూ పోల్చి, ఇది అదే కుటుంబానికి చెందినదని రాశారు. పొర మీద అతుక్కునే భాగం మాత్రం దీనికి లేదు. అంటే ఇది గ్రాహకం కాదు, కణం లోపలే తిరిగేది. 1997లో రెండు బృందాలు దీని పనిని చూపించాయి. ఒకటి కాలిఫోర్నియాలో జావోడాన్ కావ్ బృందం, రెండోది భారతీయ మూలాలున్న విశ్వ దీక్షిత్ బృందం. 1998లో మెజితోవ్, జేన్‌వే బృందం టోల్ తరహా గ్రాహకాలకూ ఇదే అడాప్టర్ అని నిరూపించింది.

మనిషిలో మైడి88 చాలా చిన్న ప్రోటీన్, మొత్తం 296 అమైనో ఆమ్లాలు. దీని ఒక కొసన టిర్ భాగం ఉంటుంది. అది గ్రాహకం లోపలి టిర్‌ను పట్టుకుంటుంది. ఇంకో కొసన ఉండేదాన్ని డెత్ డొమైన్ అంటారు. కణాల చావుకు సంబంధించిన ప్రోటీన్లలో మొదట కనబడింది కాబట్టి ఆ పేరు. ఇక్కడ దాని పని అలాంటి భాగమే ఉన్న ఐరాక్ అనే కైనేజ్ ఎంజైములను పట్టుకోవడం. ఐరాక్‌లు మేల్కొంటే వరసగా కబురు చేతులు మారి, 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ కనుగొన్న ఎన్.ఎఫ్. కప్పా బి అనే ప్రోటీన్ దాకా చేరుతుంది. అది కేంద్రకంలోకి వెళ్లి జ్వరానికి, వాపుకు, రక్షణ కణాల పిలుపుకు కావలసిన జన్యువులను నడిపిస్తుంది. ఈగలోనూ ఇదే వరస ఉంది. ఈగకూ, మనిషికీ ఉమ్మడి పూర్వీకుడు జీవించింది కోట్ల ఏళ్ల క్రితం. ఇన్ని కోట్ల ఏళ్లలో బయటి కొసలు ఎన్నో మారినా లోపలి వైరింగు పెద్దగా మారలేదు.

అకీరా ఎలుకలు, రెండో దారి

జపాన్‌లో షిజువో అకీరా బృందం 1998లో మైడి88 జన్యువు తీసేసిన ఎలుకలను పుట్టించింది. 1999లో వాటికి ఎండోటాక్సిన్ ఇస్తే షాక్ రాలేదు. డల్లస్ ఎలుకల్లో సాకెట్టు చెడింది, అకీరా ఎలుకల్లో ప్లగ్గు లేదు. ఫలితం మాత్రం ఒక్కటే. కథ అక్కడితో అయిపోవలసింది.

కానీ అకీరా బృందం ఇంకో విషయం గమనించింది. మైడి88 లేకపోయినా ఎన్.ఎఫ్. కప్పా బి మేల్కొంటోంది, కాకపోతే ఆలస్యంగా. అంటే టి.ఎల్.ఆర్.4 నుంచి లోపలికి రెండో తీగ ఏదో ఉంది. దాని కోసం వేట మొదలైంది. 2001లో డబ్లిన్‌లో ల్యూక్ ఓనీల్ బృందం ఒకటి, యేల్‌లో మెజితోవ్ బృందం ఒకటి, కొత్త అడాప్టర్‌ను విడివిడిగా కనుగొన్నాయి. ఒకరు మాల్ అన్నారు, ఇంకొకరు టిరాప్ అన్నారు. ఇదే రెండో తీగ అని చాలామంది భావించారు. 2002లో ఆ జన్యువు లేని ఎలుకలను పుట్టించి చూస్తే ఆ అంచనా నిలబడలేదు. మాల్ ఉన్నది మొదటి దారిలోనే. మైడి88ను పొర దగ్గరకు చేర్చి గ్రాహకానికి జోడించే సహాయకుడు అది. గమనించవలసినది ఏమంటే, ఆ అంచనాను పరీక్షించి పక్కన పెట్టినవారిలో దాన్ని కనుగొన్న మెజితోవ్ బృందమూ ఉంది.

అసలు రెండో తీగ ట్రిఫ్ అనే అడాప్టర్. 2002, 2003 సంవత్సరాల్లో జపాన్‌లో అకీరా బృందం, సెయా బృందం, అమెరికాలో బాయిట్లర్ బృందం వేరువేరు దారుల్లో దాన్ని చేరాయి. ట్రిఫ్‌ను టి.ఎల్.ఆర్.4కు జోడించేది ట్రామ్ అనే ఇంకో అడాప్టర్. మైడి88 ముఖ్యంగా వాపునూ జ్వరాన్నీ తెచ్చే కబురు మోస్తే, ట్రిఫ్ వైరస్‌లను అడ్డే ఇంటర్‌ఫెరాన్‌ల కబురు కూడా మోస్తుంది. వైరస్‌ల రెండు పోగుల ఆర్.ఎన్.ఎ.ను పట్టే టి.ఎల్.ఆర్.3కి ట్రిఫ్ ఒక్కటే ఆధారం. తర్వాత జొనాథన్ కాగన్, మెజితోవ్ దీనికి చోటు కూడా ముఖ్యమని చూపించారు. టి.ఎల్.ఆర్.4 కణం పైపొర మీద ఉన్నప్పుడు మాల్, మైడి88 జత కడతాయి. ఆ గ్రాహకం సంచిలో మూటకట్టినట్టు కణం లోపలికి వెళ్లాక ట్రామ్, ట్రిఫ్ జత కడతాయి. ఒకే గ్రాహకం రెండు చోట్ల నుంచి రెండు కబుర్లు పంపుతుంది.

తప్పుడు ట్రిప్పులు రాకుండా

రక్షణ వ్యవస్థ నడిపేవారికి రెండు భయాలుంటాయి. ఫాల్టు వచ్చినప్పుడు ట్రిప్ కాకపోవడం ఒకటి, ఏ ఫాల్టూ లేనిదే ట్రిప్ కావడం ఇంకొకటి. రెండోదీ చిన్నదేమీ కాదు. ఊరంతా చీకటవుతుంది. ఒంట్లో అయితే కారణం లేకుండా వాపు, జ్వరం వస్తాయి.

కణం దీన్ని ఎలా నివారిస్తుందో 2010లో హావో వూ బృందం చూపించింది. మైడి88, ఐరాక్-4, ఐరాక్-2 ప్రోటీన్ల డెత్ డొమైన్లను స్ఫటికంగా మార్చి ఎక్స్ రే కిరణాలతో చూస్తే, అవి మెలితిరిగిన మెట్ల వరసలా పేర్చుకుని కనిపించాయి. కింద 6 మైడి88లు, వాటి మీద 4 ఐరాక్-4లు, ఆ పైన 4 ఐరాక్-2లు. ఈ కట్టడాన్ని మిడ్డోసోమ్ అంటున్నారు. ఒకటీ అరా మైడి88 దారి తప్పి తగులుకుంటే కట్టడం లేవదు. తగినన్ని ఒకచోట చేరితేనే లేస్తుంది, లేచిందంటే కబురు గట్టిగా వెళ్తుంది. మంద్రంగా మొదలై మెల్లగా పెరిగే పద్ధతి కన్నా, ఉంటే ఉంది లేకపోతే లేదు అన్న రిలే పద్ధతికి ఇది దగ్గర.

వైరస్‌లకు కూడా ఈ తీగల విలువ తెలుసు

టి.ఎల్.ఆర్.లు కాక కణం లోపలి ద్రవంలో వైరస్ ఆర్.ఎన్.ఎ.ను పట్టే రిగ్-ఐ అనే గ్రాహకాన్ని 2004లో జపాన్‌లో ఫుజితా బృందం గుర్తించింది. దాని అడాప్టర్ కోసం పోటీ ఎంత తీవ్రంగా సాగిందంటే, 2005లో నాలుగు బృందాలు కొద్ది వారాల తేడాలో ఒకే ప్రోటీన్‌ను కనుగొని నాలుగు పేర్లు పెట్టాయి: మావ్స్, ఐపిఎస్-1, వీసా, కార్డిఫ్. మన బ్యాచ్‌లలో సగం మందికి వీసా అన్న పేరు నచ్చేది కానీ, చివరికి నిలిచింది డల్లస్‌లో జేమ్స్ చెన్ బృందం పెట్టిన మావ్స్. ఆ ప్రోటీన్ ఉండే చోటు విడ్డూరం. కణానికి విద్యుత్ కేంద్రం అని బడిలో మనం చదువుకున్న మైటోకాండ్రియా పైపొర మీద అది ఉంటుంది.

హెపటైటిస్ సి వైరస్ చేసేది ఇంకా విడ్డూరం. తన ప్రోటీన్లను కోసుకోవడానికి వాడే కత్తెర ఎంజైముతోనే మావ్స్‌ను మైటోకాండ్రియా దగ్గర కోసేస్తుంది. గ్రాహకం జోలికి పోకుండా తీగను తెంచేస్తుంది. మశూచి టీకాకు వాడిన వాక్సీనియా వైరస్ కూడా టిర్ అడాప్టర్లకు అడ్డుపడే ప్రోటీన్ ఒకటి తయారుచేసుకుంటుంది. దొంగ ఇంట్లోకి వచ్చి ముందుగా తెంచేది దేన్నో చూస్తే, ఆ ఇంటికి ఏది కీలకమో తెలుస్తుంది.

జ్వరం రాని పిల్లలు

ఎలుకల సంగతి సరే, మనిషిలో ఈ తీగ తెగితే ఏమవుతుంది? దీనికి జవాబు ఫ్రాన్సులో ఝాన్ లారాన్ కాసనోవా బృందం నుంచి వచ్చింది. 2003లో ఐరాక్-4 లోపంతో పుట్టిన పిల్లలను, 2008లో మైడి88 లోపంతో పుట్టిన 9 మంది పిల్లలను వారు వర్ణించారు. వీరికి న్యుమోకాకస్, స్టాఫిలోకాకస్ వంటి చీము పట్టించే బాక్టీరియా మళ్లీ మళ్లీ సోకి ప్రాణం మీదకు తెస్తాయి. రక్తంలో, మెదడు పొరల్లో, కీళ్లలో ఇన్ఫెక్షన్ వస్తుంది. అయినా మొదట్లో జ్వరం గానీ, రక్తపరీక్షలో వాపు సూచనలు గానీ ఉండవలసినంత ఉండవు. తల్లి నుదుటి మీద చెయ్యి వేసి చూసినా, డాక్టరు రిపోర్టు చూసినా పరిస్థితి అంత తీవ్రంగా అనిపించదు.

2010లో ఈ రెండు లోపాలున్న 60 మంది వివరాలు ఒకచోట చేర్చి ప్రచురించారు. వారిలో 24 మంది చనిపోయారు. అయితే 8 ఏళ్లు దాటాక చనిపోయినవారు ఒక్కరూ లేరు. 14 ఏళ్లు దాటాక లోలోపలికి పాకే ఇన్ఫెక్షన్ వచ్చినవారూ లేరు. పెరిగేకొద్దీ యాంటీబాడీల రెండో వ్యవస్థ బలపడి లోటు పూడుస్తుందన్నది దీనికి ఒక వివరణ. వైరస్‌లు, బూజులు, క్షయ బాక్టీరియా విషయంలో ఈ పిల్లలు దాదాపు మామూలు పిల్లల్లాగే ఉన్నారు. ఎలుకల్లో మైడి88 తీసేస్తే ఎన్నో రకాల సూక్ష్మజీవులకు లోకువవుతాయి. మనిషిలో ఆ లోటు కొన్ని బాక్టీరియాలకే, అదీ పసితనానికే పరిమితమైంది. ఎలుకను చూసి మనిషిని పూర్తిగా అంచనా వేయలేమని దీనివల్ల తెలిసింది.

మా సబ్‌స్టేషన్లలో ట్రిప్ సర్క్యూట్ బాగుందా లేదా అని అనుక్షణం చూసే రిలే ఒకటి విడిగా ఉంటుంది. తీగ తెగితే ఫాల్టు రాకముందే అలారం మోగుతుంది. ఈ పిల్లలకు అలాంటి అలారం లేదు. జన్యుపరీక్షతో, రక్తకణాల ప్రత్యేక పరీక్షతో మాత్రమే లోపం బయటపడుతుంది. బయటపడితే చేయగలిగింది చాలా ఉంది. ముందుజాగ్రత్తగా రోజూ యాంటీబయాటిక్ ఇవ్వడం, న్యుమోకాకస్ టీకా వేయించడం, అవసరమైతే యాంటీబాడీలు ఎక్కించడం. ఏమీ కొత్త మందులు కావు. ఆ కొన్నేళ్లు దాటించగలిగితే బిడ్డ దక్కుతుంది. న్యుమోకాకస్ టీకా మన దేశ సార్వత్రిక టీకా కార్యక్రమంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021లో దేశమంతటికీ విస్తరించింది. ఈ లోపం చాలా అరుదు. అయినా కుటుంబంలో ఒక పసిబిడ్డ ఇలాంటి ఇన్ఫెక్షన్‌తో చనిపోయి, ఇంకో బిడ్డకు కూడా తీవ్రమైన ఇన్ఫెక్షన్లు తిరగబెడుతుంటే, రోగనిరోధక నిపుణుడికి చూపించడం మంచిది.

దీనికి వ్యతిరేకమైన లోపమూ ఉంది. మైడి88లో 265వ స్థానంలో లూసిన్ బదులు ప్రోలీన్ వస్తే, కబురు రాకపోయినా మిడ్డోసోమ్ కట్టడం లేస్తుంది. అంటే స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. 2011లో ఒక రకం లింఫోమా కాన్సర్‌లో ఈ మార్పు కనబడింది. 2012లో వాల్డెన్‌స్ట్రామ్ అనే అరుదైన రక్త కాన్సర్ రోగుల్లో 90 శాతానికి పైగా ఇదే మార్పు ఉందని స్టీవెన్ ట్రియాన్ బృందం తెలిపింది. ఇప్పుడు ఆ జబ్బు నిర్ధారణలో ఇదొక ముఖ్యమైన పరీక్ష.

హైదరాబాదు దాకా

జేన్‌వే ప్రశ్న అడ్జువెంట్‌తో మొదలైందని చెప్పాను. చంపిన బాక్టీరియా ముక్కలు టీకాకు ఎందుకు బలం ఇస్తాయి? గ్రాహకాలను మోగించి, అడాప్టర్ల ద్వారా కబురు పంపడం వల్లే. ఇది తెలిశాక అడ్జువెంట్‌ను తీగ ఎంచుకుని తయారుచేయడం సాధ్యమైంది. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ను నివారించే ఒక టీకాలో వాడే ఎం.పి.ఎల్. అనే పదార్థం ఎండోటాక్సిన్‌ను మెత్తబరిచి చేసినదే. అది టి.ఎల్.ఆర్.4 నుంచి మైడి88 దారి కన్నా ట్రిఫ్ దారిని ఎక్కువగా నడిపిస్తుందని 2007లో ఎలుకల్లో చూపించారు. విషం తగ్గి మేలు మిగలడానికి అది ఒక కారణం.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కోవాక్సిన్. హైదరాబాదులో భారత్ బయోటెక్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో తయారుచేసిన ఆ టీకాకు 2021 జనవరి 3న అత్యవసర అనుమతి ప్రకటించారు. అందులో చంపిన కరోనా వైరస్‌తోపాటు అల్జెల్-ఐఎండిజి అనే అడ్జువెంట్ ఉంది. పటిక జాతి జెల్‌కు ఒక చిన్న రసాయన అణువును అంటించి చేసింది అది. ఆ అణువు టి.ఎల్.ఆర్.7, టి.ఎల్.ఆర్.8 గ్రాహకాలను మేల్కొలుపుతుంది. ఆ రెండూ కబురు పంపేది మైడి88 ద్వారానే. మన ఊళ్లలో ఆ సూది వేయించుకున్నవారి కణాల్లో, ల్యుకేమియా జాబితాలో దొరికిన ఆ చిన్న ప్రోటీన్ తన పని చేసింది.

2011లో వైద్యశాస్త్ర నోబెల్‌ను బాయిట్లర్, హాఫ్‌మన్, డెండ్రైటిక్ కణాలను కనుగొన్న రాల్ఫ్ స్టైన్‌మన్‌లకు ఇచ్చారు. స్టైన్‌మన్ ఆ ప్రకటనకు మూడు రోజుల ముందే చనిపోయారు. జేన్‌వే 2003లోనే పోయారు. జేన్‌వే, మెజితోవ్‌ల పాత్రను గుర్తించాలంటూ పలువురు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికకు లేఖ రాశారు. మైడి88ను మొదట ఏరి అంకె వేసినవారి మాట, అది టోల్ కుటుంబానిదని గుర్తించినవారి మాట ఆ చర్చలో కూడా పెద్దగా రాలేదు. అయినా వరసగా చూస్తే, కాన్సర్ కణాల జాబితా లేకపోతే అకీరా ఎలుకలు లేవు, అకీరా ఎలుకలు లేకపోతే ఆ 9 మంది పిల్లల జబ్బుకు పేరు లేదు.

ఇప్పుడు మన బడిలో చదువుతున్న పిల్లల్లో ఎవరైనా ఈ వ్యాసం చదివితే, మీ పరిశోధన దేనికి పనికొస్తుందని అడిగేవారికి ఈ వరస చూపించండి. ఈగ గుడ్డు మీద పనిచేసినవారికి పసిపిల్లల ప్రాణాల గురించి తెలియదు. 1990లో అంకె వేసినవారికి టీకాల గురించి తెలియదు. వారు తమ చేతిలోని పనిని శ్రద్ధగా చేసి, ఫలితాన్ని నలుగురికీ అందేలా రాసి పెట్టారు, అంతే. మైడి88 పని ఏమిటో తెలిసి పాతికేళ్లు దాటినా ఆ పాత పేరునే వాడుతున్నారు. దాన్ని మార్చాలని ఎవరికీ అనిపించినట్టు లేదు.